ఎఫ్‌డీలో సూద్ ఉందని బ్యాంకు షేరు కొంటున్నారా? ‘టార్గెట్ ప్రైస్’ వెనుక లెక్క ఇదీ

చేవెళ్ల, మొయినాబాద్ వైపు భూమి అమ్మిన ప్రతి ఇంట్లో ఇప్పుడు ఒకటే ముచ్చట. వచ్చిన పైసలు ఎక్కడ పెట్టాలి? రోడ్డు విస్తరణలో జాగా పోయి పరిహారం అందుకున్నవాళ్లదీ అదే ప్రశ్న. బిడ్డ నికాహ్, అమ్మీ అబ్బా హజ్, కొడుకు చదువు అన్నీ ఆ డబ్బు మీదే ఆధారపడి ఉంటాయి.

ఇలాంటి సమయంలోనే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ‘ఫలానా బ్యాంకు షేరు ఇప్పుడు 180. టార్గెట్ 240. పెద్ద బ్రోకరేజీ చెప్పింది.’ పంపింది బావమరిదో, పాత క్లాస్‌మేటో అయి ఉంటారు. దాని కింద ఇంకో మాట కూడా ఉంటుంది: ‘ఎఫ్‌డీలో అయితే సూద్. షేర్లో లాభనష్టాలే కదా భాయ్, అది వ్యాపారం. పైగా బ్యాంకు, ఎక్కడికి పోతది?’

ఈ రెండు మాటలూ తప్పే. మొదటిది దీన్ పరంగా పొరపాటు, రెండోది పైసల లెక్కలో పొరపాటు. టార్గెట్ ప్రైస్ అంటే ఏమిటో తెలిస్తే రెండూ అర్థమవుతాయి.

ఈ డబ్బు ఎందుకు ప్రత్యేకం

1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు, చేవెళ్ల మండలంలో కొన్ని ఊళ్లు దాని కిందికి వచ్చాయి. 2023 మే 18న రాష్ట్ర కేబినెట్ ఆ జీవోను పూర్తిగా ఎత్తేస్తామని ప్రకటించింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి విస్తరణ మరో సంగతి. వీటి చుట్టూ ఇన్నేళ్లుగా భూముల క్రయవిక్రయాలు, పరిహారాలు నడుస్తూనే ఉన్నాయి.

కూరగాయలు, పూలు పండించి బతికిన కుటుంబానికి భూమి డబ్బు ఒక్కసారే వస్తుంది. జీతగాడు ఈ నెల పోగొట్టుకుంటే వచ్చే నెల కూడబెట్టుకోవచ్చు. ఎకరం అమ్మినోడికి ఆ అవకాశం లేదు. అందుకే ఈ డబ్బు విషయంలో ‘ఎంత వస్తది’ అని అడిగే ముందు ‘పోతే ఏమైతది’ అని అడగాలి.

టార్గెట్ ప్రైస్ ఎక్కడి నుంచి వస్తుంది

బ్రోకరేజీ కంపెనీల్లో విశ్లేషకులు ఉంటారు. బ్యాంకు మూడు నెలలకోసారి లెక్కలు విడుదల చేసినప్పుడు వాళ్లు రిపోర్టు రాస్తారు. చివర్లో కొనండి, ఉంచుకోండి, అమ్మండి అనే సలహాల్లో ఒకటీ, ఓ ధరా ఇస్తారు. మామూలుగా దాని అర్థం ఇదీ: మా అంచనాలన్నీ నిజమైతే సుమారు 12 నెలల్లో ఈ షేరు ఈ ధరకు చేరొచ్చు.

బ్యాంకు షేరుకు ఈ అంచనా ఎక్కువగా రెండు అంకెల మీద నడుస్తుంది. ఒకటి బుక్ వాల్యూ. అంటే అప్పులూ డిపాజిట్లూ పోగా బ్యాంకు సొంతంగా మిగిలే సొమ్ములో ఒక్కో షేరుకు వచ్చే వాటా. రెండోది ఆ వాటాకు మార్కెట్ ఎన్ని రెట్లు ఇస్తుందనే ఊహ.

ఉదాహరణకు ఓ బ్యాంకు బుక్ వాల్యూ షేరుకు 200 రూపాయలు అనుకుందాం. ఏడాదిలో అది 220 అవుతుందనీ, మార్కెట్ 1.2 రెట్లు ఇస్తుందనీ విశ్లేషకుడు అనుకుంటే టార్గెట్ 264. అదే బ్యాంకులో మొండి బాకీలు బయటపడి బుక్ వాల్యూ 180కి తగ్గి, భయంతో మార్కెట్ 0.7 రెట్లే ఇస్తే ధర 126. బ్యాంకు అదే, బ్రాంచీలు అవే. రెండు ఊహలు మారేసరికి ధర సగానికి పైగా తగ్గింది.

మండీలో కమీషన్ ఏజెంటు ‘వచ్చే నెల టమాటా రేటు ఇంత పోతది’ అంటే చేవెళ్ల రైతు ఎలా వింటాడు? అనుభవం ఉన్నోడి మాట అని చెవిన వేసుకుంటాడు. దాన్ని నమ్ముకుని పొలం మాత్రం రాసివ్వడు. టార్గెట్ ప్రైస్‌కు ఇవ్వాల్సిన గౌరవం కూడా అంతే.

బ్యాంకు షేరులో అదనపు ప్రమాదం

మిగతా కంపెనీలకూ బ్యాంకుకూ ఓ పెద్ద తేడా ఉంది. బ్యాంకు అప్పుగా ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం డిపాజిటర్లదే. లెక్క సులువు కోసం, 100 రూపాయలు అప్పిచ్చిన బ్యాంకు దగ్గర వాటాదారుల సొంత సొమ్ము 10 రూపాయలే ఉందనుకోండి. ఇచ్చిన అప్పుల్లో 5 రూపాయలు పూర్తిగా మునిగితే అప్పుల లెక్కలో అది 5 శాతమే. కానీ ఆ నష్టం ముందుగా పడేది వాటాదారుల 10 రూపాయల మీద. అంటే వాళ్ల సొమ్ములో సగం పోయినట్టు. 10 రూపాయల అప్పు మునిగితే వాటాదారుకు మిగిలేది సున్నా.

డిపాజిటర్‌ను కాపాడటానికే ఈ వరస పెట్టారు. దెబ్బ ముందు వాటాదారు తింటాడు, ఆ తర్వాతే మిగతావాళ్లు. కాబట్టి ‘బ్యాంకు మునగదు’ అన్న నమ్మకం డిపాజిటర్‌కు ధైర్యం ఇవ్వొచ్చు గానీ వాటాదారుకు ఇవ్వదు. ఇది మన కళ్లముందు జరిగిన చరిత్ర కూడా.

సికింద్రాబాద్‌లో పుట్టిన బ్యాంకు కథ

1994లో సికింద్రాబాద్ కేంద్రంగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మొదలైంది. ప్రైవేటు బ్యాంకులకు కొత్తగా అనుమతులు ఇచ్చిన రోజులవి. షేర్ల కోసం జనం ఎగబడ్డారు. 2001 జనవరిలో యూటీఐ బ్యాంకుతో విలీనం అన్నారు. ఆ ప్రకటనకు ముందే షేరు ధర అనుమానం కలిగేలా పెరిగింది. కేతన్ పరేఖ్ కుంభకోణం బయటపడ్డాక ఆ విలీనం ఆగిపోయింది.

ఆ తర్వాత బ్యాంకు ఆడిటర్లు చూపిన లెక్కకూ ఆర్‌బీఐ తనిఖీలో తేలిన లెక్కకూ మధ్య చాలా పెద్ద తేడా కనిపించింది. 2004 జులై 24న కేంద్రం మారటోరియం విధించింది. ఖాతాదారులు 10 వేల రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది. 2004 ఆగస్టు 14న ఆ బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది.

ఎవరికి ఏం దక్కింది? డిపాజిటర్ల డబ్బు కొత్త బ్యాంకులో భద్రంగా ఉంది. వాటాదారులకు మాత్రం ఏమీ రాలేదు. బ్రాంచీలు తెరుచుకున్నాయి, లాకర్లు పనిచేశాయి, షేరు మాత్రం ఉత్త కాగితమైంది.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. విశ్లేషకుడు రిపోర్టు రాసేది బ్యాంకు ప్రచురించిన లెక్కలు చూసే. ఆ లెక్కల్లోనే మొండి బాకీలు దాగి ఉంటే ఎంత తెలివైన విశ్లేషకుడి టార్గెట్ అయినా తప్పుతుంది. ఆర్‌బీఐ అధికారులు లోపలికి వెళ్లి చూసే ఫైళ్లు అతని చేతికి రావు.

మోసం లేకపోయినా పోతుంది

‘అది మోసం జరిగిన బ్యాంకు, మంచి బ్యాంకుకు అట్ల కాదు’ అంటారా? ఆంధ్రా బ్యాంకును చూద్దాం. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంకు. 1980 నుంచి ప్రభుత్వ బ్యాంకు. తెలుగువాళ్ల ఇళ్లలో దాని పాస్‌బుక్ ఎంత మామూలో షేర్లు కూడా అంత మామూలే.

2006 జనవరిలో ఈ బ్యాంకు 90 రూపాయల ధరకు జనానికి షేర్లు అమ్మింది. అప్పుడు 1,000 షేర్లు కొన్నవారు పెట్టింది 90 వేల రూపాయలు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. ఆ రోజుల్లో యూనియన్ బ్యాంకు షేరు 30 రూపాయల లోపే. అంటే 14 ఏళ్ల కిందటి 90 వేలు ఆ రోజున 10 వేల లోపు.

తర్వాత షేరు కోలుకుంది. 2024 జూన్‌లో 150 రూపాయలు దాటింది. 150 లెక్కన చూసినా 325 షేర్ల విలువ 48,750. పద్దెనిమిదేళ్లయినా అసలు తిరిగి రాలేదు. మధ్యలో వచ్చిన డివిడెండ్లు కలుపుకుంటే లోటు కొంత తగ్గుతుంది, అది నిజమే. కానీ అదే 18 ఏళ్లలో చేవెళ్లలో భూమి ధర ఏమైందో చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇదే బ్యాంకులో డిపాజిట్ పెట్టినవాళ్లు ఒక్క రూపాయి కూడా పోగొట్టుకోలేదు.

ఇటీవలి కథల్లోనూ ఇదే వరస కనిపిస్తుంది. యెస్ బ్యాంకు షేరు 2018 ఆగస్టులో 400 రూపాయలు తాకింది. 2020 మార్చి 5న మారటోరియం వచ్చింది. ఎస్‌బీఐ, మరికొన్ని బ్యాంకులు షేరు 10 రూపాయల చొప్పున కొని దాన్ని నిలబెట్టాయి. డిపాజిట్లు భద్రం. వందకు మించి షేర్లు ఉన్న పాత వాటాదారులు వాటిలో 75 శాతం మూడేళ్ల పాటు అమ్ముకోకుండా తాళం పడింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని కరూర్‌లో పుట్టిన లక్ష్మీ విలాస్ బ్యాంకు డీబీఎస్‌లో కలిసింది. డిపాజిట్లు భద్రం, షేర్లు రద్దు. అమెరికాలో 2023 మార్చి 10న కూలిన సిలికాన్ వ్యాలీ బ్యాంకులోనూ అంతే. డిపాజిటర్లకు మొత్తం దక్కింది, వాటాదారులను ఎవరూ ఆదుకోలేదు. ఆ బ్యాంకు షేరును అంతకు కొద్ది రోజుల ముందు దాకా ‘కొనండి’ అన్న విశ్లేషకులు ఉన్నారు.

ధర పడ్డాకే టార్గెట్ దిగుతుంది

2025 మార్చి 10న ఇండస్‌ఇండ్ బ్యాంకు తన డెరివేటివ్ లెక్కల్లో తేడా ఉందనీ, దాని దెబ్బ నికర విలువలో సుమారు 2.35 శాతం ఉండొచ్చనీ ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే షేరు 27 శాతం దాకా పడింది. అదే రోజు బ్రోకరేజీలు వరసపెట్టి తమ టార్గెట్లు తగ్గించాయి. పాత టార్గెట్‌ను నమ్మి కొన్నవాళ్లకు కొత్త టార్గెట్ అందేసరికి నష్టం జరిగిపోయింది. మార్చి 15న ఆర్‌బీఐ ఆ బ్యాంకుకు తగినంత మూలధనం ఉందనీ, డిపాజిటర్లు కంగారుపడొద్దనీ చెప్పింది. గమనించండి, ఆ భరోసా డిపాజిటర్లకు. షేరు ధరకు ఎవరూ భరోసా ఇవ్వలేదు.

విశ్లేషకులంతా మోసగాళ్లని దీని అర్థం కాదు. వాళ్ల పని పరిస్థితి మారగానే అంచనా మార్చడం. కాకపోతే వాళ్ల కంపెనీలకు ఆదాయం జనం కొనడం, అమ్మడం వల్ల వస్తుంది. కంపెనీ యాజమాన్యాలతో మాట పోకూడదనే జాగ్రత్త కూడా ఉంటుంది. అందుకే ‘అమ్మండి’ అనే సలహా కంటే ‘కొనండి’ అనేదే మనకు ఎక్కువ వినిపిస్తుంది. అమెరికాలో ఈ జబ్బు ముదిరి 2003లో 10 పెద్ద సంస్థలు సుమారు 140 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి. మన దగ్గర 2014 నుంచి సెబీ నిబంధనలు ఉన్నాయి. రిపోర్టు రాసే వ్యక్తి అది ప్రచురించడానికి 30 రోజుల ముందు, 5 రోజుల తర్వాత ఆ షేరు కొనడం, అమ్మడం చేయకూడదు. తన ప్రయోజనాలేమైనా ఉంటే రిపోర్టులోనే చెప్పాలి.

వాట్సాప్‌లో మన దాకా వచ్చేసరికి ఇవన్నీ రాలిపోతాయి. తేదీ ఉండదు, షరతులు ఉండవు, రిస్కు పేజీ ఉండదు. మిగిలేది ఒక్క అంకె.

సూద్ సంగతి

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. ‘ఎఫ్‌డీలో సూద్ ఉంది, షేర్లో లేదు’ అనే వాదన.

షేరు అంటే వ్యాపారంలో వాటా, నిజమే. కానీ ఏ వ్యాపారంలో వాటా? మామూలు బ్యాంకు వ్యాపారం వడ్డీకి డిపాజిట్ తీసుకోవడం, ఎక్కువ వడ్డీకి అప్పివ్వడం. దాని ఆదాయంలో పెద్ద భాగం వడ్డీయే. ఎఫ్‌డీ పెట్టినవారు వడ్డీ తీసుకుంటారు. బ్యాంకు షేరు కొన్నవారు వడ్డీ దుకాణంలో భాగస్వామి అవుతారు. దీన్ కోసమని మొదటిది వదిలి రెండోది పట్టుకుంటే తప్పించుకున్నదేమీ లేదు.

ఇది మా సొంత మాట కాదు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నిఫ్టీ 50 షరియా, నిఫ్టీ 500 షరియా అనే సూచీలు ఉన్నాయి. షరియా నియమాల ప్రకారం వడబోసిన కంపెనీలే వాటిలో ఉంటాయి. వడ్డీతో నడిచే బ్యాంకులకు అక్కడ చోటు లేదు.

కష్టం ఎక్కడుందో కూడా ఒప్పుకోవాలి. మన దేశంలో వడ్డీ లేని బ్యాంకు లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను సిఫారసు చేసింది. చాలా ఏళ్ల చర్చ తర్వాత 2017లో ఆర్‌బీఐ ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లొద్దని నిర్ణయించింది. ఆ ఖాళీ వల్లే ‘హలాల్’ పేరు చెప్పగానే మనవాళ్లు నమ్ముతారు. 2018లో హైదరాబాద్ హీరా గ్రూప్ వ్యవహారంలో చెల్లింపులు ఆగిపోయి, స్థాపకురాలు అరెస్టయి, కేసులు కోర్టుకెక్కిన సంగతి ఈ పాఠకుల్లో చాలామందికి ఇంటి ముచ్చటే. హలాల్ అనే ముద్ర భద్రతకు హామీ కాదు. బ్యాంకు అనే ముద్ర కూడా షేరుకు హామీ కాదు.

ఫత్వా ఇవ్వడం మా పని కాదు. డబ్బును భద్రత కోసం బ్యాంకులో ఉంచితే వచ్చే వడ్డీని ఏం చేయాలి, షరియా పద్ధతిలో నడిచే మ్యూచువల్ ఫండ్లు సరేనా, జకాత్ ఎలా లెక్కించాలి అనేవి మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. అడిగేటప్పుడు మాత్రం ‘షేర్లు జాయజా?’ అని మొత్తంగా అడగొద్దు. ‘ఫలానా బ్యాంకు షేరు జాయజా?’ అని పేరు పెట్టి అడగండి. జవాబు వేరుగా వస్తుంది.

గ్రామీణ బ్యాంకు షేరు అంటే జాగ్రత్త

ఇంకో హెచ్చరిక. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. మన ఊళ్లలో తెలిసిన పేరే. గ్రామీణ బ్యాంకులు బయటి నుంచి మూలధనం తెచ్చుకోవడానికి 2015లో చట్టం సవరించారు. అందుకే ‘షేరు వస్తోంది’ అనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఇది రాసే నాటికి తెలంగాణ గ్రామీణ బ్యాంకు షేరు మార్కెట్‌లో లిస్టు కాలేదు. దాని వాటాలు కేంద్రం, రాష్ట్ర ప్రభుత్వం, స్పాన్సర్ బ్యాంకు అయిన ఎస్‌బీఐ చేతుల్లో ఉన్నాయి. ‘ముందే ఇప్పిస్తాం, లిస్టయ్యాక డబుల్’ అని ఎవరన్నా అంటే పైసా ఇవ్వొద్దు.

మెసేజ్ వచ్చినప్పుడు అడగాల్సినవి

ఎవరిచ్చారు? సలహా ఇచ్చే వ్యక్తికో సంస్థకో సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రీసెర్చ్ అనలిస్టులకు అది ‘ఐఎన్‌హెచ్’ అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడండి.

ఎప్పుడిచ్చారు? ఆరు నెలల కిందటి టార్గెట్ నిన్నటి వార్తను చూడలేదు.

మిగతావాళ్లు ఏమంటున్నారు? ఒకే షేరుకు ఓ బ్రోకరేజీ 240 అంటే మరొకటి 150 అనొచ్చు. మెసేజ్‌లో వచ్చేది పెద్ద అంకె మాత్రమే. చిన్న అంకె ఎందుకు ఇచ్చారో చదివితే బ్యాంకు బలహీనత తెలుస్తుంది.

బ్యాంకు లెక్కల్లో ఏముంది? మొండి బాకీలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, మూలధనం ఎంత శాతం ఉంది, అప్పులు మరీ వేగంగా పంచుతోందా అనే మూడూ చూడండి. ఆడిటర్ గానీ ఎండీ గానీ గడువుకు ముందే తప్పుకుంటే కారణం ఏమిటో తెలిసేదాకా ఆగండి.

పోతే ఏమైతది? ఈ డబ్బు సగానికి సగం పోతే నికాహ్ ఆగుతుందా, హజ్ ఆగుతుందా, ఇల్లు ఆగుతుందా? ఏదైనా ఆగుతుందంటే ఆ డబ్బు షేరుకు పనికిరాదు.

డబ్బు బ్యాంకులోనే ఉంచాలనుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోండి. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషి పేరున ఉన్న మొత్తం డిపాజిట్లకు, అసలూ వడ్డీ కలిపి, 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. ఆ బ్యాంకులో ఎన్ని బ్రాంచీల్లో పెట్టినా పరిమితి అదే. పెద్ద మొత్తం ఉంటే ఒకే చోట పెట్టకుండా నాలుగు బ్యాంకుల్లో సర్దుకోవచ్చు. షేరుకు అలాంటి బీమా ఏదీ లేదు.

చివరగా, భూమి అమ్మిన డబ్బులో విరాసత్ ప్రకారం అమ్మీకి, అక్కాచెల్లెళ్లకు హక్కు ఉంటుంది. వాళ్ల వాటా తేల్చకుండా, వాళ్లకు చెప్పకుండా అన్నదమ్ముల్లో ఒకరు డీమ్యాట్ ఖాతా తెరిచి మొత్తం ఒక బ్యాంకు షేరులో పెడితే, పోయేది తన డబ్బొక్కటే కాదు. వాళ్ల అమానత్ కూడా పోతుంది. మెసేజ్ ఎంత తొందరపెట్టినా ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఎవరి వాటా ఎంతో తేల్చండి. షేరు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.